పెద్దమ్మ గూడు, అమ్మ ముక్కు

మా పెద్దమ్మ పొద్దున్నే లేవగానే చేసే మొదటి పని, కోళ్ల షెడ్డు తలుపు కాస్త తెరిచి, ఆ సందులోంచి తల లోపలికి పెట్టి గాలి పీల్చడం. మొహం కడుక్కోవడం, కాఫీ, వీధిలోవాళ్లతో పలకరింపులు అన్నీ దాని తర్వాతే. ముందు నిలబడి ఒకసారి పీల్చేది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి, "అబ్బా" అనుకుంటూ గొంతుక్కూర్చుని ఇంకోసారి పీల్చేది. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే, "కోడి నా ఎత్తులో ఉంటుందిటే? దాని ముక్కు నేలకి జానెడు పైన ఉంటుంది. అది పీల్చే గాలి ఎలా ఉందో నేను చూడొద్దూ?" అంది.

నాకు కోళ్లంటే పెద్ద ప్రేమేం లేదు, ముందే చెప్పేస్తున్నాను. కోడి మనిషిని చూసే చూపే నాకు గిట్టదు. తల ఓ పక్కకు వాల్చి, మనమేదో ఎత్తుకుపోవడానికి వచ్చినట్టు చూస్తుంది. నిజానికి నేను వెళ్లేది గుడ్లు ఎత్తుకురావడానికే కాబట్టి దాన్ని తప్పుపట్టలేను. కానీ కోళ్లను పక్కనపెట్టి పెద్దమ్మ గురించి చెప్పడం కుదరదు. ఆవిడ జీవితంలో సగం ఆ షెడ్డులో గడిచింది. నా చిన్నతనంలో సగం ఆ షెడ్డు గుమ్మం దగ్గర గడిచింది. ఇవాళ ఏ పనైనా నేను శుభ్రంగా చేస్తానని నలుగురూ అంటే, ఆ పుణ్యం బడిది కాదు, పెద్దమ్మది.

పెద్దమ్మ మా నాన్నకు వదిన. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క పెరటిగోడ, అదీ నా భుజాల ఎత్తు. పెద్దనాన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఒకరోజు ఆయన సైకిలు వెనక గంపలో కోడిపిల్లల్ని వేసుకొచ్చి, "పిల్లల్లేరు, పిల్లల్లేరు అంటావుగా, ఇవిగో" అన్నాడట. వేళాకోళానికే అన్నా పెద్దమ్మకు ఒళ్లు మండింది. కొన్నాళ్లపాటు ఆయనతో మాట్లాడలేదు. ఆ కొన్నాళ్లూ కోడిపిల్లలతో మాట్లాడింది. షెడ్డు ఆయనే కట్టాడు. దాని ఒక గోడ పొడుగు, ఒక గోడ పొట్టి. చూసినవాళ్లు గాలివానకు ఒరిగిపోయిందా అని అడిగేవాళ్లు.

పెద్దనాన్న పోయినప్పుడు చుట్టాలంతా కోళ్లు అమ్మేసి హాయిగా కూర్చోమన్నారు. "కోళ్లు ఆయన తెచ్చాడు, రెట్ట నాకు వదిలాడు. ఆయన వాటా అమ్ముదామన్నా నా వాటా ఎవరు కొంటారు?" అని పెద్దమ్మ నవ్వి ఊరుకుంది. కూర్చోలేదు సరికదా, షెడ్డును ఇంకొంచెం పొడిగించింది. గుడ్లు వీధి చివర బేకరీకి వెళ్లేవి. ఇల్లు దాంతోనే గడిచేది. దానికంటే ముఖ్యమైనది, తెల్లారితే లేవడానికి ఆవిడకో కారణం ఉండేది.

షెడ్డులో నేల మీద పరిచే చెక్కపొట్టును పెద్దమ్మ "పడక" అనేది. "కోడి తన పడక తనే పాడుచేసుకుంటుంది కానీ తనే దులుపుకోలేదు. చంటిపిల్ల ఎంతో ఇదీ అంతే." పొట్టు వీధిలో ఉన్న వడ్రంగి మామ దగ్గర్నుంచి వచ్చేది. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలే పొరలే కావాలి. రంపం కింద పడే మెత్తటి పొడి పనికిరాదు, దుమ్ము లేచి కోళ్లకు దగ్గొస్తుంది. రంగు వేసిన చెక్క అసలే వద్దు. వడ్రంగి మామ మూతి ముడుచుకుని, "వదినా, నా గిరాకీలు కూడా ఇన్ని వంకలు పెట్టరు" అనేవాడు. అంటూనే ఏరి మరీ బస్తాకెత్తేవాడు.

ఆ పొట్టును బెత్తెడు మందాన పరిచి, ఇనుప పళ్లున్న దంతెతో రోజూ తిరగేసేది. ఒళ్లు బాగోని రోజున పొట్టు మీద గుప్పెడు గింజలు చల్లేది. కోళ్లే కాళ్లతో గీకి గీకి అంతా తిరగేసి పెట్టేవి. "జీతం లేని పనివాళ్లు" అనేది వాటిని. పిడికెడు తీసి గట్టిగా నొక్కితే ముద్ద కాకూడదు, వదిలితే దుమ్ములా ఎగరకూడదు. తడి కనిపించినచోట తవ్వి తీసి, సున్నం పొడి చల్లి, కొత్తది వేసేది. నీళ్ల తొట్టి ఇటుకల మీద ఉండేది. షెడ్డులోకి వేరే చెప్పులు. ఆ చెప్పులు వేసుకోకుండా గడప దాటితే ఎంతటివాళ్లకైనా చీవాట్లే. మా నాన్న పెళ్లివయసొచ్చిన కూతురి ముందు, అంటే నా ముందు, నోరు మూసుకుని చీవాట్లు తినడం నేను కళ్లారా చూశాను.

ఇక మా అమ్మ. పెద్దమ్మకు తోటికోడలు. ఆ షెడ్డులోకి ఒక్కనాడూ అడుగుపెట్టని మనిషి. అమ్మది మామూలు ముక్కు కాదు. వీధిలో ఏ ఇంట్లో పాలు మాడాయో మంచం మీద పడుకుని చెప్పేది. ఎదురింట్లో కరెంటు తీగ కాలుతోందని అందరికంటే ముందు పసిగట్టి, వాళ్లను నిద్రలేపి, వాళ్ల చేత తిట్లు తిని, తర్వాత దండాలు పెట్టించుకుంది. అలాంటి ముక్కుకు గోడ అవతల కోళ్లు. గాలి ఇటు తిరిగిందంటే చాలు, అమ్మ కొంగు నడుముకు చుట్టి గోడ దగ్గరికి పోయేది.

"అక్కా! నీ కోళ్లు నా కాఫీలోకి వచ్చేశాయి!"

"అయితే కాఫీకి డబ్బులివ్వు, గుడ్లు కూడా పెట్టినట్టున్నాయి!"

"నేను నవ్వడం లేదు. ఆ తూర్పు మూల ఏదో కుళ్లుతోంది!"

"నీకు ముక్కు తప్ప ఇంకేం పనిలేదా? పోయి వంట చూసుకో!"

ఇలా ఏళ్ల తరబడి నడిచింది. కొత్తవాళ్లెవరైనా వింటే వీళ్లిద్దరికీ మాటల్లేవనుకుంటారు. సాయంత్రమయ్యేసరికి అమ్మ గోడ మీంచి కూరగిన్నె అందించేది, పెద్దమ్మ గుడ్లు అందించేది. నాన్న మాత్రం ఆ గోడ ఛాయలకు వెళ్లేవాడు కాదు. ఆడవాళ్ల మధ్య తలదూరిస్తే తల మిగలదని ఆయన భయం.

ఆ ఏడాది వానలు పట్టుకున్నప్పుడు పెద్దమ్మకు జ్వరం వచ్చింది. అలాంటిలాంటి జ్వరం కాదు. మనిషి మంచానికి అతుక్కుపోయింది. అమ్మ రాత్రింబవళ్లు అక్కడే ఉండి, తడిగుడ్డలు వేసి, జావ పట్టింది. కోళ్లకు దాణా, నీళ్లు నేను చూశాను. పెద్దమ్మ కిటికీలోంచి నీరసంగా, "చెప్పులు మార్చావా?" అని మాత్రం అడిగేది. జ్వరం తగ్గాక లేచి నిలబడేసరికి సగం మనిషి అయిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి. అయినా ఒక పొద్దున గోడ పట్టుకుని నడుచుకుంటూ షెడ్డు దగ్గరికి పోయి, తలుపు తెరిచి, తల లోపలికి పెట్టింది. అది చూసి అమ్మ ఇవతల నిలబడి కళ్లు తుడుచుకుంది. "హమ్మయ్య, మా అక్క మాకు దక్కింది" అంది.

మాకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ పొద్దున పెద్దమ్మకు ఏ వాసనా రాలేదు. కోళ్లదీ రాలేదు, చెక్కదీ రాలేదు. జ్వరం ఆవిడ ముక్కును తీసుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. జలుబు తగ్గితే అదే వస్తుందిలే అనుకుంది. చెబితే కోళ్లు తీసేయమంటారని భయపడింది కూడా.

పెద్దమ్మకు తెలియని సంగతి ఇంకోటుంది. కొన్నాళ్లకు గోడ అవతల నుంచి ఘాటు మొదలైంది. వానలకు ఎండ లేదు, తలుపులు మూసే ఉంటున్నాయి. నేను గోడ దగ్గరికి పోయి పెద్దమ్మను పిలవబోతే అమ్మ నా చెయ్యి పట్టి లాగింది.

"నోరుమూసుకో. పాపం, ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది. దంతె ఎత్తలేక ఎలా ఆయాసపడుతోందో చూశావా? ఇప్పుడు కంపు అంటే ఆ మనిషి ప్రాణాలకు తెగించి ఊడుస్తుంది."

"మరి వాసనో?"

"వస్తే వచ్చింది. చచ్చిపోతామా ఏం? కిటికీలు ముయ్యి."

మా అమ్మ జీవితంలో నోరు కట్టేసుకున్నది ఆ ఒక్కసారే. కట్టేసుకోకూడని సమయం కూడా అదే. పెరటివైపు కిటికీలన్నీ మూసేసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, గోడ దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం కొంగు తీసేసి, "ఎలా ఉంది అక్కా?" అని నవ్వుతూ పలకరించేది. నాన్నకు కూడా గట్టిగా చెప్పింది, ఎవరూ కిక్కురుమనకూడదని. ప్రేమతోనే చేసింది. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు.

పెద్దమ్మ తన పని తాను చేస్తూనే ఉంది. కానీ చేతుల్లో బలం లేదు, దంతె పైపైనే గీకేది. పిడికెడు పొట్టు తీసి నొక్కి చూసేది, అదీ గుమ్మం దగ్గర, పొడిగా ఉన్నచోట. లోపల నీళ్ల తొట్టికి పగులొచ్చి, ఇటుకల సందుల్లోంచి కిందకు కారుతోందని ఆవిడకు తెలియలేదు. పైన పొడి పొట్టు, కింద బురద. గుడ్లు పెట్టే డబ్బాల వెనక అయితే రెట్ట, తడి కలిసి అట్టకట్టిపోయింది.

ముందుగా బేకరీ ఆయన గుడ్లు మురికిగా ఉంటున్నాయని కబురు పెట్టాడు. తర్వాత గుడ్లే తగ్గాయి. ఒకరోజు నేను వెళ్లేసరికి ఎర్రకోడి ఒక కన్ను మూసుకుని, తల రెక్కకు రుద్దుకుంటోంది. కంటి మూల నురుగు. పక్కదానికీ అంతే. ఇంకొకటి మూలన ముడుచుకుని కదలడం లేదు. పెద్దమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో కళ్లు తుడుస్తోంది. "ఏదో రోగం తగిలిందే అమ్మడూ. పడకలో లోపం లేదు, ఉంటే నాకు తెలిసేది కాదూ?" అంది. నేను పశువుల డాక్టరు కోసం పరుగెత్తాను.

డాక్టరు నెమ్మదస్తుడు. చెప్పులు మార్చుకోమంటే మార్చుకుని మరీ లోపలికి వెళ్లాడు. వెళ్లినంతసేపు పట్టలేదు బయటికి రావడానికి. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, లోపల అంతసేపు ఎలా కూర్చున్నారు మీరు?" అన్నాడు.

"ఏం నాయనా? ఏమైంది?"

"కళ్లు మండిపోతున్నాయి. ఇది అంటురోగంలా లేదమ్మా. తడిసిన రెట్టలోంచి వచ్చే అమ్మోనియా. ఆ ఘాటుకే వాటి కళ్లు దెబ్బతిన్నాయి. మీకు వాసన తెలియడం లేదూ?"

 పెద్దమ్మ ఒళ్లో కోడిని పట్టుకునే షెడ్డు మెట్టు మీద కూర్చుంది. కోడితో చెప్తున్నట్టు, "నాకు వాసన రావట్లేదు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచి రావట్లేదు" అంది. డాక్టరు ఆవిడ పక్కనే కూర్చుని, కొందరికి జ్వరాలతో అలా జరుగుతుందనీ, కొందరికి తిరిగొస్తుందనీ, కొందరికి రాదనీ నిదానంగా చెప్పాడు. కోళ్లను వెంటనే బయటికి తేవాలి, పడకంతా తీసేయాలి, గాలి ఆడాలి. చాలావరకు కోలుకుంటాయి. కంట్లో పువ్వు పడినవి మాత్రం చెప్పలేనన్నాడు.

ఆయన వెళ్లాక పెద్దమ్మ ఒక్కటే మాట అంది. "ఊరి బయట కోళ్ల ఫారం ఆయనకు కబురు పెట్టు. కోలుకున్నవాటిని తీసుకుపొమ్మను. ఇక కోళ్లు వద్దు."

అమ్మ ఈ గొడవంతా గోడ అవతల నుంచి విన్నది. చుట్టూ తిరిగి గేటులోంచి రావడానికి ఓపిక లేక, నా వయసులోనూ నేను ఎక్కని గోడ ఎక్కి దూకింది. చీర అంచు చిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు? ముక్కు పోయిందని నాకు ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

పెద్దమ్మ తలెత్తింది. "నువ్వెందుకు తిట్టలేదు?"

"ఏంటీ?"

"రోజూ పొద్దున్నే చెవి గోడ మీదే పెట్టాను. నువ్వు అరుస్తావేమో అని. నువ్వు అరవలేదు. గూడు బాగానే ఉందనుకున్నాను."

 పెద్దమ్మే మళ్లీ అంది. "ముక్కు బాగున్నప్పుడు కూడా నాకు నువ్వే దిక్కు. పొద్దున్న పీల్చింది పొద్దున్నకే సరి. లోపల కాసేపు పనిచేస్తే ఏ ముక్కైనా అలవాటు పడిపోతుంది, ఏమీ తెలియదు. నువ్వు తూర్పు మూల అంటే తూర్పు మూల తవ్వేదాన్ని. అక్కడ తడి ఉండేది. నువ్వు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నీకు ఎదురు తిట్టి, నువ్వు లోపలికి వెళ్లాక తవ్వేదాన్ని."

"మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా అది చెప్పావా?"

"చెబితే నెత్తికెక్కుతావు."

అమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. "నువ్వు జబ్బుమనిషివని ఊరుకున్నానే అక్కా. కిటికీలు మూసుకుని పడున్నాం. నేను నీ కోళ్ల కళ్లు తీశాను" అని నెత్తి కొట్టుకుంది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దర్నీ చూస్తూ నిలబడ్డ నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలి వేసింది. ఒకళ్లనొకళ్లు నొప్పించకూడదని ఇంత నష్టం తెచ్చుకున్నవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. నాన్న, నేను పెరట్లో వల కట్టి కోళ్లను అందులోకి తరిమాం. పెద్దమ్మ దంతె తీసుకుని లోపలికి వెళ్లబోతుంటే అమ్మ గడప దగ్గర ఆగి అడిగింది, "చెప్పులేవి?" అని. అన్నేళ్లలో మొదటిసారి మా అమ్మ కోళ్లషెడ్డు చెప్పులు వేసుకుంది. ముక్కుకు కొంగు కట్టుకుని లోపలికి అడుగేసింది. రెండడుగులు వేశాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కొంగు విప్పేసింది. "మూసుకుంటే నేనొచ్చి లాభమేముంది" అని గొణిగి, గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని గాలి పీల్చింది. దగ్గుతో మెలితిరిగిపోయింది. తెప్పరిల్లి, వేలితో చూపించింది.

"ఇక్కడ."

పెద్దమ్మ దంతె దించింది. పైపొర జరగ్గానే కింద నల్లటి బురద. తొట్టి పగులు అప్పుడే బయటపడింది.

"ఇంకా?"

"ఆ డబ్బాల వెనక. పెద్దది ఉందక్కడ. బాబోయ్, అక్కా, అక్కడేదో రాజ్యమే నడుస్తోంది!"

అమ్మ వేలు చూపిస్తుంటే పెద్దమ్మ తవ్వడం, పెద్దమ్మ తవ్వింది తట్టలకెత్తి నేను, నాన్న పెరటి చివర గుంటలో పోయడం. పారతో నేల గీకి, కడిగి, ఆరబెట్టాం. డబ్బాలు, కోళ్లు ఎక్కి పడుకునే కర్రలు ఎండలో పెట్టాం. వడ్రంగి మామ పిలవకుండానే వచ్చి, షెడ్డు గోడల పైభాగాన రెండువైపులా కిటికీల్లా కోసి, తీగ జాలీ కొట్టాడు. పై నుంచి ఘాటు పోతుంది, కోళ్లకు చలిగాలి తగలదు అన్నాడు. పెద్దనాన్న కట్టిన వంకరగోడ కొలత కుదరక ఆయన్ను నోరారా తిట్టుకున్నాడు కూడా. నేల బాగా ఆరాక సున్నం చల్లి, కొత్త పొట్టు పరిచి, పగిలిన తొట్టి మార్చాం. షెడ్డంతా వడ్రంగి కొట్టులా ఉందని అమ్మ అంది. పెద్దమ్మ ఆ మాట విని, "అవునా" అని మాత్రం అంది. ఆ వాసన తనకు రావడం లేదు కదా. నేను దంతె అందుకుని సర్దిన పొట్టునే మళ్లీ సర్దాను.

ఇంత చేసినా ఆవిడ మాట మార్చుకోలేదు. చాలా కోళ్లు కోలుకున్నాయి. రెండు చనిపోయాయి, ఎర్రకోడికి ఒక కన్ను పోయింది. అది తలను పూర్తిగా తిప్పి చూస్తుంటే పెద్దమ్మ చూడలేకపోయేది. ఎంత నచ్చజెప్పినా, "కళ్లు కనిపించని డ్రైవరు బండి ఎక్కమంటే నువ్వు ఎక్కుతావుటే? ఇవి మాత్రం నన్ను నమ్మి నా షెడ్డులో ఎందుకు పడుకోవాలి?" అనేది. కోళ్లు వెళ్లిపోతే ఆవిడ ఏమైపోతుందో మాకందరికీ తెలుసు. పొద్దున్నే లేచి ఏ తలుపు తెరుస్తుంది? ఎవరితో మాట్లాడుతుంది?

ఫారం ఆయన బోనులు వేసుకుని చిన్న వ్యానులో వచ్చాడు. పెద్దమ్మ కోళ్లను పట్టడానికి షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి లోపల అమ్మ ఉంది. చెప్పులు మార్చుకుని, గుమ్మానికి అడ్డంగా, తిరగేసిన గంప మీద కూర్చుని ఉంది.

"లే. ఆయన ఎదురుచూస్తున్నాడు."

"లేవను."

"చెల్లీ, నా వల్ల కాదే. నాకు తెలియదు."

"నాకు తెలుస్తుందిగా. రోజూ పొద్దున్నే నేనొస్తాను."

"ఎన్నాళ్లొస్తావు?"

"నువ్వెన్నాళ్లు పెంచితే అన్నాళ్లు."

"నీకు కోళ్లంటే అసహ్యం కదే!"

"ఇప్పుడూ అసహ్యమే. అందుకే నాకు బాగా తెలుస్తుంది. ఇష్టముంటే నేనూ నీలాగే అలవాటుపడిపోదును."

"రోజూ ఈ కంపులో ముక్కు పెట్టడానికి నీకేం ఖర్మ?"

అమ్మ గొంతు మారిపోయింది. "నా పెళ్లైన కొత్తలో, నాకు ఒంట్లో బాగోకపోతే, దీన్ని ఎవరెత్తుకు తిరిగారు?" అని నన్ను చూపించింది. "ఆ కంపు నువ్వు కడగలేదా? ఖర్మ అన్నావా ఏనాడైనా? ఒక్క మాటన్నావా?"

నేనే ఆ కంపునని అప్పుడు తెలిసింది. వ్యాను ఆయన ముందు సిగ్గేసింది, నిజం చెప్పొద్దూ, కళ్లు కూడా తడిశాయి. నన్ను పెంచింది ఇద్దరని నాకు తెలుసు. ఎంత పెంచారో ఆ రోజే తెలిసింది.

"అమ్మా, ఎక్కించనా వద్దా?" అన్నాడు ఫారం ఆయన, బోను తలుపు పట్టుకుని.

పెద్దమ్మ అమ్మ వంక చూసింది. షెడ్డులోకి చూసింది. ఎర్రకోడి అమ్మ కాళ్ల దగ్గరే పొట్టు గీకుతోంది. అమ్మ దాన్ని కాలితో అవతలికి నెడుతోంది, అది మళ్లీ వస్తోంది.

"ఎండలో పడి వచ్చావు. మంచినీళ్లు తాగి వెళ్లు నాయనా" అంది పెద్దమ్మ. ఆయనకు అర్థమైంది. బోనులు ఖాళీగానే తిరిగి ఎక్కించుకున్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దు పెద్దమ్మ షెడ్డులో మొదలవుతోంది. గోడ ఎక్కి దూకే పని లేకుండా వడ్రంగి మామ మధ్యలో కొంత గోడ కొట్టించి చిన్న తలుపు పెట్టాడు. అమ్మ కాఫీ ముట్టుకోకముందే ఆ తలుపు తోసుకుని వెళ్తుంది. నిలబడి ఒకసారి, గొంతుక్కూర్చుని ఒకసారి. మోకాళ్ల నొప్పులని సణుగుతుంది. ఆ తర్వాత తిట్లు. మెట్టు మీద కూర్చుని కాఫీ ఇద్దరూ కలిసే తాగుతారు. అమ్మ లేనప్పుడు ఆ పని నాది. నా ముక్కు మీద పెద్దమ్మకు నమ్మకం లేదు, నేను చెప్పిన మూల పక్కన మరో రెండు మూలలు కూడా తవ్వి చూస్తుంది. ఇంత జరిగాక నాకు అర్థమైంది ఒకటే. మా ఇంటి మీద ఎవరి దయ ఉందో నాకు తెలియదు కానీ, మమ్మల్ని తిట్టేవాళ్లు మా పక్కనే ఉన్నారు, దానికి నేను రోజూ దండం పెట్టుకుంటాను.

మొన్న ఒకరోజు వడ్రంగి మామ దగ్గర్నుంచి పొట్టు బస్తా నేనే మోసుకొచ్చాను. షెడ్డు ముందు దింపి, మూతి విప్పాను. చూడ్డానికి ఎప్పటిలాగే ఉంది. పెద్దమ్మ వంగి చెయ్యి లోపలికి పెట్టబోయి ఆగిపోయింది.

"ఇందులో దేవదారు చెక్క కలిసింది. ఈ ఘాటు కోళ్ల గొంతుకు పడదు. తిప్పి ఇచ్చేసి రా."

బస్తా మూతి కట్టబోతున్న నా చేతులు ఆగిపోయాయి. ఘాటు. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నా మొహంలోకి చూసి, గబుక్కున చూపు తిప్పుకుంది.

"పెద్దమ్మా! వాసన వస్తోందా నీకు?"

"నెమ్మదిగా మాట్లాడు."

"ఎప్పట్నుంచి?"

"వానలు వెళ్లాక మొదలైంది. ముందు కాఫీ తెలిసింది. తర్వాత ఒక్కొక్కటే."

"మరి అమ్మకు చెప్పలేదేం? ఎంత సంతోషిస్తుందో!"

పెద్దమ్మ చిన్న తలుపు వైపు చూసింది. మెట్టు మీద రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

"సంతోషిస్తుంది. ఆ తర్వాత రేపట్నుంచి రాదు. దానికి ఇక్కడేం పని?" అంది. నా చెయ్యి పట్టుకుంది. "మీ పెద్దనాన్న పోయాక పొద్దున్నే ఈ గడపలోకి ఇంకో మనిషి వచ్చింది ఇప్పుడేనే అమ్మడూ. మళ్లీ గోడ అవతల నుంచి అరుపులు వినడం నాకు చాలదు. చెప్పకు."

నేను బస్తా మూతి బిగించి కట్టాను. అంతలో చిన్న తలుపు కిర్రుమంది. అమ్మ వచ్చి, చెప్పులు మార్చుకుని, లోపలికి పోయి గొంతుక్కూర్చుంది. వెంటనే గొంతు లేచింది.

"అక్కా! నీళ్ల తొట్టి దగ్గర మళ్లీ తడి! ఎవరికీ పట్టదా ఈ ఇంట్లో?"

"అవునా చెల్లీ? నాకేం తెలియట్లేదే" అంటూ పెద్దమ్మ దంతె అందుకుంది.